మంగళవారం పిల్ల

"ఆదివారం చూశావు కదా, పిల్ల ఎలా ఉంది?"

"బాగానే ఉందక్కా."

"బాగానే అంటే ఏమిటయ్యా? గేర్‌బాక్సు ఎలా ఉందని ఎవరైనా అడిగితే బాగానే ఉందని చెప్పి ఊరుకుంటావా? విప్పి చూపించు."

అడొమాకో నీళ్ళు నమిలాడు. కుమాసీ నగరంలో, సువామే పేట గ్యారేజీల మధ్య పాత లారీల సామాను అమ్మే మనిషి. బేరానికి కూర్చుంటే ఎంతటివాడినైనా ఏడిపించి పంపుతాడని పేరు. అలాంటివాడు కూతురి ఊసెత్తేసరికి మాటలు వెతుక్కుంటున్నాడు. అఫ్రకోమాకి జాలేసింది, చిరాకూ వేసింది. ఆ రెండూ కలిసి వచ్చిన కేసుల్లోనే తను తప్పులు చేస్తుందని ఆమెకి బాగా తెలుసు. అందుకని జాలిని పక్కన పెట్టి చిరాకుతోనే ముందుకెళ్ళింది.

ఇద్దరూ అతని పికప్ బండిలో కూర్చున్నారు. రోడ్డుకి అవతల పిల్లల ఆస్పత్రి గేటు. నాలుగు బిల్లులూ వచ్చింది అక్కణ్ణించే.

"చర్చి వెనక తాడాట ఆడింది" అన్నాడు అడొమాకో. "ఆపకుండా గెంతింది. నేనే అలిసిపోయాను చూడలేక. నవ్వితే పైన ముందు పళ్ళు రెండూ లేవు. మొక్కజొన్న కెంకే ముద్ద పెడితే కొరకలేక పక్కపళ్ళతో నమిలింది."

"పళ్ళెప్పుడు ఊడాయి?"

"అంతకుముందు ఆదివారం. ఒకటి దానంతటదే ఊడింది, రెండోదానికి నేనే దారం కట్టి లాగాను. ఎందుకక్కా?"

"ఎందుకని నువ్వు అడక్కు, నేనడుగుతాను. ఆస్పత్రిలో చేర్చింది ఎప్పుడన్నారు?"

"పోయిన గురువారం. శనివారం ఇంటికి పంపారట. జ్వరం, ఒళ్ళునొప్పులు, మూడు రోజులూ సెలైను ఎక్కించామని బిల్లు వేశారు. మర్నాడే నా ముందు అలా గెంతింది! చేతి మీద సూది గుచ్చిన గుర్తయినా లేదు. రెండు చేతులూ తిప్పి తిప్పి చూశాను."

"అందుకని కట్టనన్నావు."

"మూడు బిల్లులు కిక్కురుమనకుండా కట్టానక్కా. విడాకులప్పుడు పిల్ల తల్లి దగ్గర ఉండాలి, వైద్యం ఖర్చు తండ్రి భరించాలి అన్నారు, సరే అన్నాను. నాలుగోది కట్టనంటే, కన్నబిడ్డకి మందు మాన్పించేస్తున్నాడని లెటీషియా కోర్టుకెక్కింది. పిల్ల ప్రాణం సంగతని అర్జంటుగా రేపే విచారణ పెట్టారు." అతను స్టీరింగు మీద అరచేత్తో కొట్టాడు. "డబ్బు పోతే పోయింది. నా ఆదివారాలు తీసేయమని అడిగింది. నాకున్నవే అవి."

అఫ్రకోమా కిటికీలోంచి గేటు వైపు చూసింది. పద్దెనిమిదేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, పై అధికారితో పడక రాజీనామా ఇచ్చి, ఇలా సొంతంగా ఆరాలు తీసే పనిలో పడ్డ మనిషి ఆమె. మాజీ మొగుళ్ళూ పెళ్ళాలూ ఒకరి మీద ఒకరు చెప్పే మాటల్లో సగం కోపమేనని ఆమె అనుభవం. కానీ సూది గుర్తు కోసం రెండు చేతులూ తిప్పి చూసిన తండ్రి మాట వేరు.

"ఇదివరకు పిల్లకి పెద్ద జబ్బులేమైనా చేశాయా?"

"జబ్బు కాదు గానీ, రెండేళ్ళప్పుడు గొంతునొప్పికి పెన్సిలిన్ ఇంజెక్షన్ చేశారు. చూస్తుండగానే మొహం వాచిపోయింది, ఊపిరి ఆడలేదు. లెటీషియా చెప్పులు కూడా లేకుండా భుజానేసుకుని పెద్దాస్పత్రికి పరిగెత్తింది, దాని వెనకాల నేను. బతికించి, ఇంకోసారి ఆ మందు పడితే మా చేతుల్లో లేదు అని చెప్పి పంపారు."

"ఆ మాట లెటీషియాకి గుర్తుంటుందా?"

"నాకంటే ఎక్కువ. ఎన్నో అనుకుంటాను దాని గురించి. పిల్లని చూసుకోదని మాత్రం అనను."

"ఇంట్లో పిల్లనేమని పిలుస్తారు?"

"ఏమని పిలుస్తాం, ఆదివారం పుట్టింది కాబట్టి అకోసువా. మా అమ్మకి చర్చిలో పాట మధ్యలో కబురందింది, పాట వదిలేసి పరిగెత్తుకొచ్చింది. స్కూల్లో మాత్రం పోమా."

అఫ్రకోమా బండి దిగింది. వెనక సీట్లోంచి నారింజపళ్ళ సంచి తీసుకుంది.

"నువ్వు ఇక్కడే ఉండు. నేను పిలిచేదాకా గేటు దాటావంటే, నీ కేసు నువ్వే చూసుకో."

* * *

పిల్లల వార్డు మేడ మీద ఉంది. అఫ్రకోమా కింద బెంచీ మీద గంటసేపు వేళ కోసం కాచుకుంది. మధ్యాహ్నం వేళ రోగుల చుట్టాలు భోజనాలకి కిందికి పోతే వార్డు పల్చబడింది. నారింజపళ్ళ సంచితో వచ్చే మేనత్తని ఆపే ఆస్పత్రి ప్రపంచంలో ఇంకా కట్టలేదు. అఫ్రకోమా తిన్నగా నర్సుల బల్ల దగ్గరికి వెళ్ళింది.

"సిస్టరమ్మా, మా తమ్ముడి కూతురు పోమా ఇక్కడే కదా ఉండేది? పోయిన వారం చేర్చారట, కబురు ఆలస్యంగా అందింది."

బల్ల వెనకాల ఉన్న నర్సు బొద్దుగా, నిద్రకళ్ళతో ఉంది. గుండె మీద గ్లాడిస్ అని పేరు పట్టీ. డ్యూటీ దిగే తొందరలో సంచి సర్దుకుంటోంది. పోమా అనగానే ఆమె మొహం విప్పారింది.

"మా చిన్న రౌడీనా! శనివారమే ఇంటికెళ్ళింది కదమ్మా. అదిగో, మూడో మంచం దానిదే. నెలనెలా వస్తూనే ఉంటుంది, ఇంకెవరినీ ఆ మంచం ఎక్కనివ్వదు."

"రౌడీనా? మా పిల్ల నోట్లో నాలుక లేనిది కదా!"

"నోట్లో నాలుక సంగతి నాకు తెలీదు గానీ, పళ్ళు మాత్రం ఉన్నాయి తల్లీ." గ్లాడిస్ నవ్వుతూ ఎడమ చెయ్యి చాపి, మణికట్టు పైన చూపించింది. "సెలైను సూది పెడుతుంటే ఎలా కొరికిందో చూడు!"

అఫ్రకోమా చూసింది. అయ్యో అంటూ ఆ చెయ్యి పట్టుకుని మరీ దగ్గరగా చూసింది. కమిలిన మచ్చ పచ్చబడుతోంది గానీ ఆకారం చెదరలేదు. కింద ఒక వంపు, పైన ఒక వంపు. పై వంపు మధ్యలో రెండు వెడల్పాటి పళ్ళు బాగా దిగబడ్డ గుర్తు.

గురువారం కొరికిన పిల్లకి పైన ముందు పళ్ళు రెండూ ఉన్నాయి. పోమాకి అవి అంతకుముందు ఆదివారమే ఊడిపోయాయి.

"పాపం, నొప్పి పుట్టి ఉంటుంది" అంటూ ఆమె మూడో మంచం దగ్గరికి నడిచింది. దుప్పటి మార్చారు. తలవైపు గోడకి పిల్లలు అంటించే రంగు బొమ్మలు రెండున్నాయి. మంచం కాళ్ళవైపు చిన్న పలక వేలాడుతోంది. ఇక్కడ ప్రతి మంచానికీ ఒకటి ఉంది. పుస్తకాల్లో పేర్లు పట్టుకుని పిలిస్తే ఏ పిల్లా పలకదు కాబట్టి, ఇంట్లో పిలిచే పేరు అడిగి సుద్దతో ఆ పలక మీద రాసి ఉంచుతారు నర్సులు. ఒకటో మంచం కోజో. రెండో మంచం అఫియా.

మూడో మంచం అబెనా.

అఫ్రకోమా మొహంలో ఏమీ కదల్లేదు. ఆ పేరుని ఇంకోసారి చదివింది. అబెనా అంటే మంగళవారం పిల్ల. ఆదివారం పుట్టిన పిల్లని అబెనా అని పిలిచే తల్లి ఈ దేశంలో ఉండదు. ఊరు మార్చుకోవచ్చు, చర్చి మార్చుకోవచ్చు, మొగుణ్ణి మార్చుకోవచ్చు. పుట్టిన వారాన్ని ఎవరు మార్చుకుంటారు? అది ప్రాణంతో పాటు వచ్చిన పేరు. పరాయి పిల్లకి పోమా అడొమాకో అని చక్కగా నేర్పించి తీసుకొచ్చారు. ఈ ఒక్క పేరు మార్చాలని మాత్రం ఎవరికీ తోచలేదు, తోచినా నోరు రాదు.

"ఈ పేరు ఎవరు చెప్పారు సిస్టర్?"

"ఎవరేమిటి, అదే చెప్పింది. నువ్వు ఏ వారం పిల్లవే అంటే అబెనానంది ఠక్కున. పోమా అని పిలిస్తే పలికితే ఒట్టు." గ్లాడిస్ సంచి భుజాన తగిలించుకుంది. "ఉండగలిగితే ఉండండి, ఇవాళ దాని పెన్సిలిన్ రోజు, తీసుకొస్తారు. ఈ సికిల్ సెల్ రక్తజబ్బు పిల్లలకి నెలనెలా పడాల్సిందే కదా. మూడో డోసో నాలుగో డోసో, ఒంటికి బాగా పడుతోంది."

సికిల్ సెల్. పెన్సిలిన్. ఇంకేం కావాలి? రేపు కోర్టులో ఈ నర్సు ఒక్క మాట చెబితే చాలు, అడొమాకో ఆదివారాలు అతనికి దక్కినట్టే. అఫ్రకోమాకి లోపల్లోపల పండగలా ఉంది. నారింజపళ్ళు పక్క మంచం పిల్లకిచ్చేసి వెనక్కి తిరిగింది.

గుమ్మంలో బ్రెన్యా నిలబడి ఉన్నాడు.

* * *

"పోలీసు చొక్కా విప్పేసినా చూపులు మారలేదే నీకు" అన్నాడతను.

"నువ్వు చొక్కా మార్చావు, పొట్ట పెంచావు. బాగున్నావు బ్రెన్యా."

ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్లో పనిచేశారు. దొంగని పట్టుకునేది అఫ్రకోమా, పేపర్లో ఫొటో పడేది బ్రెన్యాది. ఇప్పుడతను ఈ ఆస్పత్రికి సెక్యూరిటీ పెద్ద. కాంట్రాక్టు ఉద్యోగమే అయినా భుజాల మీద పట్టీలు మాత్రం జనరల్‌కి ఉన్నట్టు కుట్టించుకున్నాడు. ఆమెని కింద తన గదికి తీసుకెళ్ళి తలుపు మూశాడు.

"మేనత్తనని అబద్ధం చెప్పి వార్డులోకి దూరావు. పోలీసులకి అప్పగించనా?"

"అప్పగించు. వాళ్ళకి టీ నేనే పోయిస్తాను, చాలా రోజులైంది చూసి."

"మొగుడూ పెళ్ళాలు విడిపోయి వాళ్ళ గోల వాళ్ళు పడుతుంటే మధ్యలో పుల్లలు పెట్టడమేనా నీ ఉద్యోగం? ఆ గ్యారేజీవాడు పిసినారి. సొంత బిడ్డ జబ్బుకి డబ్బు తియ్యడు. వాడి తరఫున వకాల్తా పుచ్చుకుని సిగ్గు లేకుండా వచ్చావు."

అఫ్రకోమా కుర్చీ లాక్కుని కూర్చుంది. కాలు మీద కాలు వేసుకుంది.

"గ్యారేజీవాడి తరఫున వచ్చానని నీకెవరు చెప్పారు? వార్డులో మేనత్తనన్నాను. అడొమాకో పేరు నేనింకా ఎత్తనే లేదే."

బ్రెన్యా తడబడ్డాడు. ఒక్క క్షణమే. "గేటు దగ్గర వాడి బండి చూశాను. అందులోంచి దిగావు."

"అంటే నన్ను గంట క్రితమే చూశావు. చూసి ఆపలేదు. ఈ గంటా ఏం చేశావు బ్రెన్యా? ఎవరికి ఫోన్ చేశావు?"

అతను తలుపు వైపు చూశాడు. జవాబివ్వాల్సిన అవసరం రాలేదు. తలుపు దభాల్న తెరుచుకుంది.

లోపలికి వచ్చినావిడ చక్కటి మనిషి, ఒడ్డూ పొడవూ ఉంది, కళ్ళల్లో నిప్పులు కురుస్తున్నాయి. మెడలో బట్టలు కొలిచే టేపు ఇంకా వేలాడుతోంది. లెటీషియా టైలరు దుకాణం నడుపుతుందని అడొమాకో చెప్పాడు. బిడ్డని ఆస్పత్రిలో చేర్చాలని ఇంటి దగ్గర సిద్ధమై వచ్చిన తల్లి మెడలో ఆ టేపు ఉండదు. ఎవరో ఉన్నపళాన రమ్మంటే కుట్టుమిషను మీద పని వదిలేసి, ఇంటికి పోయి పిల్లని లాక్కొచ్చిన మనిషి ఇది.

"మీరేనా డిటెక్టివ్ మేడంగారు?" అంది లెటీషియా. "నా బిడ్డ ఆస్పత్రిలో లేదు, బిల్లులు దొంగ బిల్లులు అన్నారట. పదండి పైకి! మూడో మంచం మీద పడుకోబెట్టి వస్తున్నాను. అది పోమానో కాదో వాళ్ళ నాన్న తీసిన ఫొటో పక్కన పెట్టి చూసుకోండి. మీకు కళ్ళజోడు కావాలంటే నేనే కొనిపెడతాను."

"చూస్తాను. ముందు నీతో రెండు మాటలున్నాయి."

"నా బిడ్డ ఒంటరిగా ఉంది. నేను దాని దగ్గరుండాలి."

"నర్సులున్నారు కదమ్మా. పిల్ల ముందు మాట్లాడే మాటలు కావివి. కూర్చో."

లెటీషియా మెట్ల వైపు ఒకసారి చూసి, విసురుగా కూర్చుంది. ఆ చూపుని అఫ్రకోమా గమనించింది, పొగరనుకుంది. అది పొగరు కాదని తెలుసుకునేసరికి ఆలస్యమైంది, ఆ సంగతి ఆమె తర్వాత ఎన్నోసార్లు తలుచుకుంది.

"నీ కూతురు ఏ వారం పుట్టింది?"

"ఇదేం ప్రశ్న? ఆదివారం. దాని పేరే అకోసువా."

"మరి మూడో మంచం పలక మీద అబెనా అని ఎందుకుంది?"

అబద్ధం ఆడటానికి కూడా లెటీషియాకి ఏమీ దొరకలేదు. ఆమె కళ్ళు తనకి తెలియకుండానే బ్రెన్యా వైపు తిరిగాయి. అఫ్రకోమా ఆ చూపుని పట్టుకుంది.

"ఓహో! గురువారం నర్సుని కొరికిన పిల్లకి ముందు పళ్ళున్నాయి, నీ కూతురికి లేవు. ఆ పిల్లకి సికిల్ సెల్, నీ కూతురికి లేదు. ఆ పిల్ల పుట్టింది మంగళవారం. చెప్పు బ్రెన్యా, అబెనా ఎవరి పిల్ల?"

బ్రెన్యా భుజాల మీద పట్టీలతో సహా కుర్చీలో కూలబడ్డాడు.

"నా పిల్ల" అన్నాడు. "తల్లి పోయాక నాకు మిగిలింది అదే."

"మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు."

"ఏడాదిగా" అంది లెటీషియా. నిప్పులు చల్లారిపోయాయి గానీ తల వంచలేదు. "నొప్పి వచ్చినప్పుడు ఆ పిల్ల ఎలా అరుస్తుందో మీరు విన్నారా మేడం? ఎముకలు విరిచేస్తున్నట్టు అరుస్తుంది. ఈయన జీతానికి ఈ ఆస్పత్రి మెట్లు కూడా ఎక్కలేం. గేటు కాపలా కాసేవాడి బిడ్డకి లోపల మంచం లేదు! అడొమాకోకి ఉంది, పెట్టగలడు, అడిగితే పెట్టేవాడా? పెళ్ళాన్ని తీసుకుపోయినవాడి బిడ్డకి?"

"అడిగావా?"

లెటీషియా మెడలోని టేపుని వేలికి చుట్టుకుంది.

"అడగలేదు. అడక్కుండా అతని జేబులో చెయ్యి పెట్టావు. దొరికిపోతావనేసరికి, కూతుర్ని చూడకుండా చేసి అతని నోరు నొక్కేద్దామనుకున్నావు. అతను నాలుగో బిల్లు దగ్గర ఏడ్చింది డబ్బుకి కాదు తల్లీ, ఆదివారాలకి! ఇవాళ పైన ఇంకో నాటకం. ఒంట్లో నలత లేని పిల్లని తెచ్చి రోగి మంచం మీద పడుకోబెట్టావు, అది కూడా సరిగ్గా పెన్సిలిన్ ఇచ్చే రోజు…"

అఫ్రకోమా ఆగిపోయింది.

తను ఏమందో తనకే అప్పుడు వినిపించింది. ఎదురుగా లెటీషియా మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నర్సుకి చెప్పలేదా?" అంది అఫ్రకోమా.

"నేను పక్కనే ఉంటాను కదా, వస్తే వద్దంటానని… మీరు కూర్చోమన్నారు…"

"మందు పడదని మొదట్లో రాయించలేదా?"

"అబెనాకి ఆ మందే కావాలి. అందుకని ఏ మందైనా పడుతుందని రాయించాను. నేనే రాయించాను!"

ఆ మాట పూర్తయ్యేసరికి ముగ్గురూ మెట్ల మీద ఉన్నారు.

* * *

అఫ్రకోమా మోకాళ్ళు ఆ మధ్య ఆమె మాట వినడం మానేశాయి. అయినా ఆ మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలీదు. మనసులో ఒకటే మాట తిరుగుతోంది, కూర్చోమన్నది నేను, కూర్చోమన్నది నేను. లెటీషియా ఆమెని దాటేసి ముందుకు పరిగెత్తింది. చెప్పు ఒకటి మెట్ల మీద ఊడిపోయింది.

మూడో మంచం చుట్టూ తెర లాగి ఉంది. తెర వెనక గ్లాడిస్ తర్వాత డ్యూటీకి ఎక్కిన నర్సు గొంతు, తీరుబడిగా, ముద్దుగా వినిపించింది.

"అటు తిరుగు తల్లీ. చీమ కుట్టినట్టుంటుంది, అంతే. నువ్వు ధైర్యవంతురాలివట కదా అబెనా?"

"నేను అబెనాని కాదు."

"అయ్యో, ఇంజెక్షన్ అనగానే పేరే మార్చేసుకుంటున్నావా? పలక మీద ఉందిగా!"

"కాదాంటీ. నేను అకోసువాని. అబెనా మంగళవారం పుట్టింది. నేను ఆదివారం పుట్టాను, మా నానమ్మ పాట పాడుతుంటే."

తెర వెనక చప్పుడు ఆగింది.

అఫ్రకోమా తెర లాగేసింది. నర్సు సిరంజి పైకి పట్టుకుని, పలక వైపూ పిల్ల వైపూ మార్చి మార్చి చూస్తోంది. ఆరేళ్ళ పిల్ల ఒకటి, గౌను పైకెత్తి బోర్లా పడుకుని, తల తిప్పి అందరినీ ఆశ్చర్యంగా చూస్తోంది. నోట్లో ముందు పళ్ళు రెండూ లేవు.

"పెట్టెయ్" అంది అఫ్రకోమా. "ఆ మందు కింద పెట్టెయ్ సిస్టర్. ఒక్క చుక్క పడినా పిల్ల దక్కదు."

నర్సు సిరంజిని పళ్ళెంలో పెట్టింది. "పిల్లలు ఏవేవో అంటారు, నేను పట్టించుకోను" అంది, ఎవరికో సంజాయిషీ చెబుతున్నట్టు. "కానీ తన వారం పేరు కాదంటే… అందుకని ఆగాను మేడం. అలా ఏ పిల్లా అనదు."

లెటీషియా అప్పటికే మంచం మీద పడి కూతుర్ని రెండు చేతులా చుట్టేసింది. ఏడుస్తోంది. "నన్ను క్షమించు తల్లీ, నన్ను క్షమించు" అంటోంది. పిల్ల ఊపిరాడక మెలికలు తిరుగుతోంది. అఫ్రకోమా పక్క మంచం ఊచ పట్టుకుని నిలబడింది. పోలీసు ఉద్యోగంలో తుపాకీ ఎదురుగా నిలబడ్డప్పుడు కూడా ఆమెకి ఇంత భయం వేయలేదు.

బ్రెన్యా గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. అతనిలో ఇప్పుడు పొగరు లేదు, వాదన లేదు. అమ్మయ్య అన్నట్టు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. తలనొప్పి తెప్పించే మనిషే గానీ, ఆ క్షణంలో అతని మీద కూడా అఫ్రకోమాకి కోపం రాలేదు. కేసు తేలిపోయింది. రేపు కోర్టులో చెప్పాల్సింది చెప్పడమే.

తల్లి పట్టులోంచి తల బయటపెట్టి, అకోసువా అడిగింది.

"అమ్మా, అబెనా లేచిందా?"

లెటీషియా ఏడుపు ఆగిపోయింది.

బ్రెన్యా కళ్ళు తెరిచాడు. "లేవడమేంటి? పడుకుందా ఈ వేళప్పుడు?"

"కాళ్ళు నొప్పి అని పొద్దున్నుంచీ అరిచింది అంకుల్. అమ్మ మాత్ర వేసింది. తర్వాత అరవలేదు. నా బొమ్మ ఇచ్చాను, పట్టుకోలేదు. చేతులు చల్లగా ఉన్నాయి."

బ్రెన్యా ఒక్కో అడుగూ వేసుకుంటూ మంచం దగ్గరికి వచ్చాడు.

"నొప్పి మొదలైందని నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు లెటీషియాతో.

"చెప్పబోయాను" అంది లెటీషియా. "ఫోన్లో చెప్పబోయాను బ్రెన్యా. అఫ్రకోమా వచ్చింది, అబెనాని ఈ చుట్టుపక్కలకి తేవద్దు, తలుపుకి తాళం వేసి పోమాని తీసుకురా, ఇంకేం మాట్లాడకు అన్నావు. పెట్టేశావు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. నిద్రపోతోంది కదా, ఇట్టే వచ్చేద్దాం అనుకున్నాను…"

అతను కేక వేయలేదు. కొట్టడానికి చెయ్యీ ఎత్తలేదు. మూడో మంచం కాళ్ళవైపు వేలాడుతున్న పలకని పట్టుకుని, దాని మీద పేరు వైపు చూస్తూ నిలబడిపోయాడు. ఇన్నేళ్ళలో అఫ్రకోమా అతన్ని ఎన్నో రకాలుగా చూసింది, చేతకానివాడిలా ఎప్పుడూ చూడలేదు.

"తాళంచెవి!" అంది ఆమె, లెటీషియా భుజం పట్టి కుదిపి. "ఇల్లెక్కడ?"

"తాఫో పేటలో. టైలరు కొట్టు వెనకాల." టేపు వేలాడుతున్న మెడలోంచే తాడుకి కట్టిన తాళంచెవి బయటికి లాగింది.

అఫ్రకోమా దాన్ని బ్రెన్యా చేతిలో పెట్టి, అతన్ని గుమ్మం వైపు తోసింది. "నడు. ఏడుపులు తర్వాత. సిస్టర్, మంచం సిద్ధం చెయ్యండి, డాక్టరుని పిలవండి. ఈసారి సొంత పేరు మీదే వస్తుంది పిల్ల." మెట్లు దిగుతూనే ఫోన్ తీసింది. అడొమాకో మొదటి రింగుకే ఎత్తాడు.

"అక్కా! ఏమైంది? పిలవలేదేంటి ఇంకా?"

"బండి గేటుకి అడ్డంగా పెట్టు. ఇంజిన్ ఆపకు. తాఫో వెళ్ళాలి, పిల్ల ప్రాణాల మీదికి వచ్చింది."

"అకోసువానా?" అడొమాకో అరిచాడు. "నా బిడ్డకేమైంది అక్కా?"

"నీ బిడ్డ బాగుంది. పైన వాళ్ళమ్మ దగ్గరుంది. కళ్ళారా చూశాను."

"మరి ఎవరి బిడ్డ?"

ముందు పరిగెడుతున్న బ్రెన్యా ఆ ప్రశ్న వినపడి ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. అఫ్రకోమా అతని కళ్ళలోకి చూస్తూనే ఫోన్లో జవాబిచ్చింది.

"ఇన్ని నెలలుగా నువ్వు మందిప్పిస్తున్న బిడ్డ."

గేటు అవతల పికప్ ఇంజిన్ ఒక్కసారి గర్జించి, హారను ఆగకుండా మోగడం మొదలైంది.